బ్యాంకాక్ వెళ్లేవాళ్లంతా చదవండి: డబ్బుల సంగతి

అందరికీ నమస్కారం. శుక్రవారం రాత్రే ఫ్లైట్, డబ్బుల పని బుధవారం లోపే చూసుకోండి.

రూపాయలకి అక్కడ అంత మంచి రేటు రాదు. ఇక్కడే 100 డాలర్ల నోట్లు తీసుకుని అక్కడ బాత్‌లుగా మార్చుకుందాం, చిన్న నోట్లకి రేటు తగ్గిస్తారు. పెన్ను గీత, చిరుగు లేని నోట్లే అడిగి తీసుకోండి. పోయినసారి మూల కాస్త చిరిగిందని నా నోటు కౌంటర్లో వెనక్కి ఇచ్చేశారు, అందుకే ఇంతగా చెప్తున్నాను.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగగానే కనిపించే కౌంటర్ల దగ్గర ఆగకండి, కింద బేస్‌మెంట్‌లో రైలు స్టేషన్ దగ్గర రేటు బాగుంటుంది. పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి.

కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం యాప్‌లో ఆన్ చేయండి. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 220 బాత్‌లో, ఇంకా ఎక్కువో ఫీజు పోతుంది. రూపాయల్లో లెక్క చూపిస్తే వద్దనే నొక్కండి.

డాలర్లు ఇంకా తీసుకోనివాళ్లు రేపు సాయంత్రంలోగా ఇక్కడ చెప్పండి, కలిసి వెళ్దాం.