దవడ ఎముకను మళ్లీ చేతికివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

దంత వైద్య డిగ్రీ బీడీఎస్‌లో తల, మెడ, పళ్ల అనాటమీ (నిర్మాణ శాస్త్రం) మొదటి ఏడాదితోనే సరి. రోగి నోట్లో సూది పెట్టేది మూడో ఏడాదిలో. అప్పటికి నరాల పేర్లు నాలుక మీద ఉంటాయి గానీ, నరం ఉన్న చోటు వేలికి తెలియదు.

కింది పళ్లకిచ్చే మత్తు ఇంజెక్షన్నే తీసుకోండి. దవడ నిలువు భాగం లోపలివైపున్న చిన్న రంధ్రంలోంచి నరం ఎముకలోకి దిగుతుంది. ధవళేశ్వరంలో కాలువల మొదట్లో ఉన్న తలుపులు దించితే వాటికి నీరు ఆగినట్టే, అక్కడ మందు పడితే ఆ వైపు పళ్లు, సగం పెదవి మొద్దుబారతాయి. దవడ పళ్ల చెంపవైపు చిగురుకు మాత్రం మరో సూది కావాలి, దాని నరం వేరు.

పెద్దవాళ్లకు నమిలే తలానికి 6 నుంచి 10 మిల్లీమీటర్ల పైన, సిరంజిని అవతలివైపు ప్రీమోలార్ల (కోరపన్ను వెనకున్న రెండు చిన్న దవడ పళ్ల) మీదుగా ఉంచి గుచ్చాలి. 20-25 మిల్లీమీటర్ల లోతులో ఎముక తగలాలి. సగంలోనే తగిలితే మొన ముందుకుందని అర్థం. సూదిని కాస్త వెనక్కి తీసి, సిరంజిని ముందు పళ్లవైపు జరిపి మళ్లీ పోనివ్వాలి. తగిలాక 1 మిల్లీమీటరు వెనక్కి తీసి, రక్తం రావడం లేదని చూసుకుని, నిమిషంపాటు నెమ్మదిగా 1.5 మి.లీ. ఇవ్వాలి. ఎముకే తగలకపోతే మందు వదలకూడదు. మొన చెవి ముందరి లాలాజల గ్రంథిలోకి పోయి ఉండొచ్చు. అందులోంచి సాగే ముఖ నరానికి మందు తగిలితే కొన్ని గంటలు కన్ను మూతపడదు, మూతి వంకరపోతుంది. పక్షవాతమని ఇంటివాళ్లు హడలిపోతారు. పిల్లల్లో ఆ రంధ్రం ఇంకా కిందికుంటుంది, పెద్దల ఎత్తులో ఇస్తే మత్తు సరిగా పట్టదు.

కింది చివరి రెండు దవడ పళ్ల సంగతి ఇంకా ప్రమాదం. వాటి వేళ్ల కొసలు నోటి అడుగు కండరం అతుక్కున్న గీతకు దిగువన ఉంటాయి. అందుకే చీము దవడ కిందికి, మెడలోకి జారుతుంది. రెండువైపులా పాకి నాలుక పైకి లేచిందంటే ఊపిరికే ముప్పు. లవంగ నూనెతో రోజులు నెట్టుకొచ్చి, లంక గ్రామాల నుంచి గట్టిపడ్డ వాపుతో వచ్చే మనిషికి పన్ను తర్వాత సంగతి, ముందు పెద్దాసుపత్రి. ఆ గీత ఎక్కడుందో తెలిసిన డాక్టరు ఆ మాట ఆలస్యం లేకుండా చెప్పగలడు.

మన గోదావరి జిల్లాల దంత కళాశాలలు మూడో ఏడాది పోస్టింగుకు ముందు రెండు వారాలైనా ఎండు దవడ ఎముకలు విద్యార్థుల చేతికివ్వాలి. ప్లాస్టిక్ నమూనాలన్నీ ఒక్క అచ్చులోవే. నిజం ఎముకల్లో ఆ రంధ్రం ఒక్కోదానికి ఒక్కో ఎత్తులో ఉంటుంది. పదేసి ఎముకల మీద స్కేలుతో కొలిపించి, సూది పెట్టించి, ఆ తర్వాతే రోగి దగ్గరికి పంపాలి.

– ఒక దంత వైద్య అధ్యాపకుడు, అమలాపురం