మెట్లెన్నో చెప్పని కొండమీది ఇల్లు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇటలీ, ఫ్రాన్స్ సముద్రతీరాల్లో కొండమీద ఉన్న మధ్యయుగాల నాటి ఊళ్లలో వారం పది రోజులకు ఇల్లు అద్దెకు తీసుకుని, సొంతంగా వండుకుంటూ గడపాలని ఇప్పుడు హైదరాబాద్ కుటుంబాలు కూడా అడుగుతున్నాయి. పర్యాటక పేజీల్లో వ్యాసాలూ, వాటి పక్కన వచ్చే ట్రావెల్ ఏజెన్సీల ప్రకటనలూ రాతిగోడల్నీ, కిటికీలోంచి కనిపించే సముద్రాన్నీ చూపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్నీ, చిన్నపిల్లల్నీ, 23 కిలోల సూట్‌కేసుల్నీ వెంటబెట్టుకుని వెళ్లే మనవాళ్లు డబ్బు కట్టేముందు తెలుసుకోవాల్సిన సంగతులు మాత్రం వాటిలో ఉండవు. ఇలాంటి ఇళ్లు కుదిర్చే వృత్తిలో ఉన్నవాళ్లం గనక ఆ వివరాలు రాస్తున్నాం. ఉదాహరణకు ఇటలీ వాయవ్యాన ఉన్న లిగూరియా తీరాన్ని తీసుకున్నాం. పత్రికకు మా విన్నపం ఒకటుంది, అది చివర్లో.

ముందు మెట్ల సంగతి. సముద్రం మీంచి వచ్చి దోచుకుపోయే ఓడదొంగల భయంతో జనం కొండెక్కి, ఇంటికి ఇల్లు ఆనించి, బయటి వరస ఇళ్ల గోడలనే కోటగోడగా మలుచుకుని కట్టుకున్న ఊళ్లివి. సందులు మనిషీ గాడిదా నడిచేందుకు వేసినవి. కారు ఊరి బయటే ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇంటి గుమ్మం దాకా మెట్లే. ప్రకటనలో 'బీచ్‌కు 400 మీటర్లు' అని ఉంటే అది మ్యాప్ మీద గీసిన గీత కొలత, ఎత్తు అందులో లేదు. ఇంపీరియా జిల్లాలోని చెర్వో అనే ఊరు సముద్రమట్టానికి 60 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఒక్కో మెట్టు 17 సెంటీమీటర్లు అనుకుంటే మీటరుకు దాదాపు ఆరు మెట్లు, 60 మీటర్లకు సుమారు 350. కొంత దూరం ఏటవాలు బాట ఉన్నా ఎక్కాల్సిన ఎత్తు తగ్గదు. గోల్కొండలో బాలాహిస్సార్ ఎక్కడానికి 360 మెట్లని మనవాళ్లు చెప్పుకుంటారు. బీచ్‌కు వెళ్లొచ్చిన ప్రతిసారీ, అదీ మధ్యాహ్నపు ఎండలో, తడి తువ్వాళ్లు మోసుకుంటూ, అంత పనీ ఉంటుందని అమ్మానాన్నలకు ముందే చెప్పాలి కదా.

ఇంటి లోపలా మెట్లే. స్థలం చాలక అంతస్తుకు ఒక గదిగా నిలువునా కట్టిన ఇళ్లు ఎక్కువ. కింద పడకగది, మధ్యలో హాలు, వెలుతురు కోసం పైన వంటిల్లు ఉంటాయి. మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి, చాలాచోట్ల పట్టుకోవడానికి రెండోవైపు కమ్మీ ఉండదు. పడకగది ఉన్న అంతస్తులోనే మరుగుదొడ్డి ఉందా అన్నది పెద్దవాళ్ల విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. రాత్రి రెండు గంటలకు నిద్రకళ్లతో అలాంటి మెట్లు దిగకూడదు. ఫొటోలు చూసి ఇవేవీ తెలియవు. కారు ఆగే చోటి నుంచి మంచం దాకా ఆపకుండా తీసిన వీడియో పంపమని యజమానిని అడగండి. రెండు నిమిషాల పని, మంచి యజమానులు వెంటనే పంపిస్తారు.

సూట్‌కేసు చక్రాలు రాళ్లు పరిచిన బాటమీద విరిగిపోతాయి. ఊళ్లోకి మోసుకెళ్లేవి వీపుసంచుల్లో సర్దుకుని, పెద్ద పెట్టెలు కారు డిక్కీలో వదిలేయడం మేలు. కొన్ని ఊళ్లలో సామాను చేరవేయడానికి ఆపె అనే మూడుచక్రాల బండి వస్తుంది. మన వీధుల్లో తిరిగే పియాజియో ట్రాలీ ఆటో పేరు కూడా అదే. వస్తుందో లేదో, ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి.

రైల్లో వెళ్లేవాళ్లు పాత గైడ్‌బుక్కుల్ని నమ్మొద్దు. చెర్వో కిందనే సముద్రం పక్కన స్టేషన్ ఉండేది. 2016 డిసెంబర్‌లో అందోరా, సాన్ లొరెంజో మధ్య రైలుమార్గాన్ని లోపలికి మార్చి జంటలైను వేశాక అది మూతపడింది. ఇప్పుడు దిగాల్సింది దియానోలోనో అందోరాలోనో, అక్కడి నుంచి బస్సు లేదా టాక్సీ. ఊళ్లోని సాన్ జొవాన్ని బత్తిస్తా చర్చి ముందు 1964 నుంచి ఏటా వేసవిలో శాస్త్రీయ సంగీత కచేరీలు జరుగుతున్నాయి. వాటిని మొదలుపెట్టింది హంగేరియన్ వయొలిన్ విద్వాంసుడు షాండోర్ వేగ్. వినదగ్గ కచేరీలే గానీ, ఆ రాత్రి సామానుతో ఆ ప్రాంగణం దాటాలనుకోవద్దు. మీరు చేరే తేదీ కచేరీ తేదీతో కలవకుండా చూసుకోండి.

కారు నడిపేవాళ్లకు మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, రెండూ దగ్గర పెట్టుకోవాలి. ఎర్రటి వలయం మధ్యలో తెల్లగా ఉండే గుండ్రటి బోర్డు, దాని కింద 'జోనా ట్రాఫికో లిమితాతో' (వాహనాలకు పరిమితి ఉన్న ప్రాంతం) అని రాసి ఉంటే లోపలికి పోకూడదు. పోలీసు కనిపించడు, కెమెరా నంబరు ప్లేటు తీస్తుంది. అద్దెకారు కంపెనీ మీ చిరునామా అక్కడి మునిసిపాలిటీకి ఇచ్చి, అందుకు మీ కార్డు మీద విడిగా రుసుము వేసుకుంటుంది. అసలు జరిమానా కాగితం కొన్ని నెలల తర్వాత హైదరాబాద్ ఇంటికొస్తుంది. నావిగేషన్ యాప్ ఈ హద్దుల్ని ప్రతిసారీ పట్టించుకోదు. అందుకే ఇంటి చిరునామా కొట్టకుండా, యజమాని చెప్పిన పార్కింగ్ చిరునామా కొట్టుకోవాలి. పార్కింగ్‌లో తెల్లగీతలు ఉచితం, నీలిగీతలకు డబ్బు కట్టాలి, పసుపు గీతలు మనవి కావు.

ఇక వంటింట్లో మనవాళ్లు చేజేతులా తెచ్చుకునే చిక్కు కరెంటు. ఇటలీలో మామూలు ఇంటి కనెక్షన్ 3 కిలోవాట్లు. పదిశాతం దాకా ఎక్కువ వాడినా మీటరు ఓర్చుకుంటుంది, అది బాగా దాటితే కాసేపట్లోనే ట్రిప్ అవుతుంది. ఇప్పుడు లెక్క చూడండి: ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్లు, రైస్ కుక్కర్ 700, కెటిల్ 2,000, నీళ్లు వేడిచేస్తున్నప్పుడు వాషింగ్ మెషీన్ ఇంకో 2,000. పప్పు, అన్నం ఒకేసారి పెట్టి ఎవరో టీకి కెటిల్ వేశారంటే ఇల్లంతా చీకటి. ట్రిప్ అయితే ముందు వాటిని తీసేసి, ఆ తర్వాతే మీటరు స్విచ్ పైకెత్తాలి. అలా తీయకుండా ఎత్తితే మళ్లీ పడిపోతుంది. ఆ మీటరు ఇంట్లోనే ఉంటుందని అనుకోవద్దు. పాత ఊళ్లలో చాలావాటికి సందులోనో కింది అంతస్తు బయటో గూట్లో ఉంటుంది, దానికి తాళం కూడా ఉండొచ్చు. తాళంచెవులు తీసుకునేటప్పుడే మీటరు ఎక్కడో, స్విచ్ ఏదో చూపించమనండి.

వోల్టేజి మనలాగే 230, 50 హెర్ట్జ్, కాబట్టి మన 750 వాట్ల మిక్సీ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే తిరుగుతుంది. ప్లగ్గు మాత్రం పట్టదు. అక్కడి సాకెట్‌లో మూడు చిల్లులు ఒకే వరసలో ఉంటాయి, వాటిలోనూ 10, 16 ఆంపియర్లకు రెండు సైజులున్నాయి. ఫోను ఛార్జర్ల కోసం అమ్మే పల్చటి అడాప్టర్‌కు మిక్సీ, కుక్కర్ తగిలిస్తే వేడెక్కి కరుగుతుంది. 16 ఆంపియర్లకు తగిన అడాప్టర్ కొనాలి. పొయ్యి ఇండక్షనా గ్యాసా అని అడిగి ప్రెషర్ కుక్కర్ సర్దుకోండి. మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్ కావాలి.

గ్యాసు పొయ్యి ఉన్న వంటింట్లో గోడకు పదేసి సెంటీమీటర్ల జాలీ ఒకటి కనిపిస్తుంది. చలిగాలి వస్తోందని దానికి గుడ్డ కుక్కడం ప్రాణాపాయం. గ్యాసు మండేందుకు గాలి అందక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు. సెలవులకు అద్దెకిచ్చే ఇళ్లలో గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లు, అంతస్తుకు కనీసం ఒక అగ్నిమాపక సిలిండరు ఇప్పుడు ఇటలీ చట్టం ప్రకారం తప్పనిసరి. లోపలికి అడుగుపెట్టగానే వెతికి చూసుకోండి, లేకపోతే ఫోన్ చేసి అడగండి. అత్యవసర నంబరు 112.

స్నానాలకు 80 లీటర్ల కరెంటు గీజర్ ఉంటే ముగ్గురు నలుగురికి సరిపోతుంది, తర్వాత మళ్లీ కాగడానికి మూడు గంటల పైనే పడుతుంది. అందరూ పొద్దున్నే కాకుండా కొందరు రాత్రికి మార్చుకోవాలి. అంతకన్నా ముఖ్యమైనది, బాత్రూమ్ నేలకు తూము ఉండదు. మగ్గుతో నేలమీద నీళ్లు పోస్తే అవి టైల్స్ సందుల్లోంచి చెక్కదూలాల్లోకి దిగి, కింది ఇంటివాళ్ల కప్పులోంచి కారతాయి. నష్టపరిహారం మీ డిపాజిట్లోంచి పోతుంది. నీళ్లు షవర్ తొట్టి దాటకూడదు. మరుగుదొడ్డి పక్కన బిడే, అంటే కడుక్కునే తొట్టి మాత్రం ప్రతి ఇంటా ఉంటుందనే చెప్పాలి, 1975 నుంచి ఇళ్లలో కనీసం ఒక బాత్రూమ్‌లో అది ఉండాలన్న నిబంధన ఉంది. ఈ ఒక్క విషయంలో మనవాళ్లకు బెంగ అక్కర్లేదు.

రాతిగోడల మందం అరవై సెంటీమీటర్లు, అంతకు పైన కూడా ఉంటుంది. వేసవిలో పగలు కిటికీల చెక్క తలుపులు మూసి, రాత్రి తెరిస్తే ఇల్లు చల్లగా ఉంటుంది. మనలాగే గాలి కోసం పట్టపగలు తెరిచి పెడితే వేడితో పాటు సముద్రపు తేమా లోపలికి వచ్చి, చల్లటి గోడమీద చెమ్మగా దిగుతుంది. చలికాలంలో ఇదే మందం శత్రువు, మూతపడి ఉన్న ఇల్లు వేడెక్కడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ముందురోజే హీటింగ్ పెట్టమని చెప్పాలి, ఆ ఖర్చు అద్దెలో ఉందో విడిగానో కనుక్కోవాలి. గోడ అడుగున రాలే తెల్లటి పొడి ఉప్పు, శుభ్రం లేదని గొడవపడొద్దు. ఫోన్ సిగ్నల్ ఆ గోడల్లోంచి సరిగా రాదు.

మన పిల్లలకు సెలవులు మే నెలలో. అప్పుడు నడకకు హాయిగా ఉంటుంది, కానీ సముద్రం నీళ్లు 18 డిగ్రీల దగ్గర ఉంటాయి, పిల్లలు వణికిపోతారు. జూలై, ఆగస్టుల్లో చాలా ఇళ్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. అక్టోబర్, నవంబర్ వానలు కుంభవృష్టి. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తారు, ఎరుపు రోజున వాగుల పక్క కారు పెట్టకూడదు.

సందుల మీద ఇంటినుంచి ఇంటికి వేసిన కమానుల్ని అందరూ ఫొటోలు తీస్తారు. భూమి కదిలినప్పుడు ఎదురెదురు గోడలు ఒకదాన్నొకటి ఆపుకునేందుకు వేసినవవి. 1887 ఫిబ్రవరి 23న వచ్చిన భూకంపానికి సాన్‌రెమో దగ్గరి బుస్సానా వెక్యా కూలిపోయింది, జనం ఖాళీ చేసి వెళ్లారు. 1950ల చివర్లో కళాకారులు చేరి శిథిలాల్ని బాగుచేసుకున్నారు, ఆ ఇళ్ల యాజమాన్యం మీద ప్రభుత్వంతో వివాదం మాత్రం దశాబ్దాల పాటు నడిచింది. చూసి తీరాల్సిన ఊరు. కానీ ఏ ఊళ్లోనైనా ఇల్లు అందంగా ఉన్నంత మాత్రాన అద్దెకివ్వడానికి అనుమతి ఉన్నట్టు కాదు.

దానికి గుర్తు సిన్ (CIN) అనే జాతీయ గుర్తింపు కోడ్. 2025 జనవరి 1 నుంచి ఇటలీలో సెలవు ఇళ్లన్నిటికీ ఇది ఉండాలి, ప్రకటనలోనూ గుమ్మం బయటా కనబడాలి. 'ఐటీ' అక్షరాలతో మొదలై, వెంటనే జిల్లానూ ఊరినీ సూచించే ఆరంకెలు వస్తాయి. ఇంపీరియా జిల్లా ఇల్లయితే మొదటి మూడు 008. కోడ్ లేని ఇల్లు ఎంత చవకైనా వదిలేయండి. ఇంట్లో దిగే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు వివరాలూ యజమాని పోలీసులకు పంపాలి, కాబట్టి చెప్పకుండా ఇంకో ఇద్దర్ని చేర్చుకోవడం కుదరదు. మునిసిపాలిటీ పన్ను మనిషికి రాత్రికి ఇంత అని విడిగా ఉంటుంది. దుప్పట్లు, చివరి రోజు శుభ్రం చేసే రుసుము కూడా విడిగా వేసేవాళ్లున్నారు.

ఇటలీ, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసా వచ్చేదాకా రద్దుచేసుకోగలిగే బుకింగే తీసుకోండి, అందులో అందరి పేర్లూ రాయించండి. వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, అంతకన్నా చిన్నవాళ్లకు లేదు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిటికి 45 దాకా పడుతుంది. సామానులో ఆవకాయ, కారప్పొడులు పట్టుకెళ్లండి. కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు వద్దు. మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు తేకూడదు, పచ్చి ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి.

ఇక మా విన్నపం. ఇలాంటి ఇళ్ల గురించి వ్యాసం వేసినా, ప్రకటన తీసుకున్నా నాలుగు సంగతులు తప్పనిసరిగా అచ్చువేయించండి: కారు ఆగే చోటి నుంచి గుమ్మం దాకా మెట్లెన్ని, పడకగది అంతస్తులో మరుగుదొడ్డి ఉందా, కరెంటు ఎన్ని కిలోవాట్లు, సిన్ కోడ్ ఏమిటి. యజమానికి ఒక్క ఈమెయిల్ పెడితే నాలుగూ తెలుస్తాయి. ఇవి రాసివ్వని ఏజెంటుకు అడ్వాన్స్ కట్టొద్దని మీ పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
విదేశీ పర్యటనల ఏర్పాట్లు చేసే వృత్తిలోని పాఠకులు,
హిమాయత్‌నగర్, హైదరాబాద్