నీటి మీద ఒక గీత గీయండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సికింద్రాబాద్‌లో ఉంటాను, హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. రెండేళ్ళుగా హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది. మొదట్లో దాన్ని దింపి ఒడ్డున కూర్చునేదాన్ని. పేపర్లు దిద్దుకుంటూ ఎన్ని ఆదివారాలు గడపగలను? చివరికి నేనూ పడవెక్కాను. నలభై ఆరేళ్ళ వయసులో చుక్కాని పట్టుకున్నదాన్ని కాబట్టి నాకు పెద్ద నైపుణ్యం ఏమీ లేదు. కానీ ఒడ్డు మీంచి చూసిన సాగర్ వేరు, నీటి మట్టం నుంచి చూసిన సాగర్ వేరు అని మాత్రం తెలిసింది. ఆ రెండో సాగర్ మీద తెరచాపలూ ఇంజను బోట్లూ ఎవరి దారి ఏదో తెలియక పడే ఇబ్బంది గురించే ఈ లేఖ.

పోయిన జులైలో ఒక ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. వానాకాలం పడమటి గాలి బాగా వీస్తోంది. మా అమ్మాయి నడిపేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. చూస్తే గచ్చు కడిగే తొట్టెకి తెరచాప కట్టినట్టుంటుంది. ప్రపంచమంతా పదిహేనేళ్ళ లోపు పిల్లలు దీని మీదే నేర్చుకుంటారు. గాలికి ఎదురు వెళ్తోంది కాబట్టి పడవ అటోసారి ఇటోసారి వాలుగా సాగుతోంది. ఎదురుగా ఒక స్పీడు బోటు వచ్చింది. అందులో అమ్మా నాన్నా, ఇద్దరు పిల్లలు. అందరూ నవ్వుతున్నారు, ఒకరి చేతిలో ఫోను. డ్రైవరు మా అమ్మాయిని చూశాడు. చూసి, పాపం, మర్యాదగా వేగం తగ్గించాడు. పదిహేను మీటర్ల దూరంలోంచి దాటిపోయాడు. వెనకాల వచ్చిన అల ఆప్టిమిస్ట్‌ని పక్కకి ఎత్తి పడేసింది.

పిల్ల నీళ్ళలో పడింది. లైఫ్ జాకెట్ ఉంది, నేర్పినట్టే పడవ చుట్టూ ఈది, దాని అడుగు నుంచి నీళ్ళలోకి దిగే పలక అయిన సెంటర్‌బోర్డు మీద ఎక్కి పడవని మళ్ళీ నిటారుగా తిప్పింది. లోపల నిండిన నీళ్ళు తోడడానికి పావుగంట పట్టింది. స్పీడు బోటులోని పిల్లలు అదంతా ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు. డ్రైవరు దూరం నుంచి రెండు చేతులూ జోడించాడు. ఆ బోటు ఎవరిదన్నది ఈ లేఖకి అవసరం లేదు. ఎందుకంటే అతను దాటిన గీత ఏదీ లేదు. మా అమ్మాయి ఎక్కడ ఉండాలో, అతను ఎక్కడ ఉండాలో ఆ నీటి మీద ఎవరూ చెప్పలేదు.

వేగం తగ్గిస్తే అల ఎందుకు పెరిగిందని మా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా అడిగారు. మోటారు బోటు మెల్లగా పోతే నీటిని కొంచెమే తోస్తుంది, చిన్న అల. పూర్తి వేగం మీద అడుగు భాగం నీటి పైకి లేచి దాదాపు జారుతుంది, అప్పుడూ అల అంత పెద్దది కాదు. అసలు ప్రమాదం ఈ రెండిటి మధ్య ఉంది. ముక్కు పైకి లేచి, తోక నీళ్ళలో దిగబడి, బోటు నాగలిలా దున్నుకుంటూ పోయే సగం వేగం. ఆ స్థితిలో వెనక వచ్చే అల అన్నిటికన్నా ఎత్తు. అంటే మన చెరువులో మంచితనం కొద్దీ సగం వేగానికి దిగిన డ్రైవరే పెద్ద అల పంపిస్తున్నాడు. పూర్తిగా తగ్గించాలి, లేదా బాగా దూరం నుంచి పోవాలి. ఇది చెప్పడానికి పది నిమిషాలు చాలు. నేను మాట్లాడిన ముగ్గురు డ్రైవర్లలో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. ఒకతను 'మేడం, మరి ఆ తెరచాపలోళ్ళు తాగినోళ్ళలాగ అటూ ఇటూ ఎందుకు పోతరు?' అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. గాలికి సూటిగా ఎదురు పోగలిగే తెరచాప లేదు. దాదాపు నలభై అయిదు డిగ్రీల వాలులో ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి పోతూనే ముందుకు జరగాలి. దారి తప్పడం కాదు, దారే అది. ఇంజను ఉన్నవాడికి ఇది తెలియకపోతే, ఎదుటి పడవ ఇప్పుడు ఎటు తిరుగుతుందో అంచనా కట్టలేడు.

సాగర్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. ట్యాంక్‌బండ్ వైపూ నెక్లెస్ రోడ్డు వైపూ రాతి కట్టడాలు. పల్లెటూరి చెరువులో అల ఏటవాలు ఒడ్డున పాకి చచ్చిపోతుంది. ఇక్కడ గోడకి కొట్టుకుని తిరిగి వస్తుంది. ఆదివారం సాయంత్రం పది బోట్లు తిరిగితే, గాలి లేకపోయినా నీళ్ళు ఉడుకుతున్నట్టే ఉంటాయి. కయాక్ అనే తెడ్డు వేసే సన్నని పడవ మీద కూర్చున్నవాళ్ళని అడగండి. వాళ్ళ నడుము నీటి మట్టానికి బెత్తెడు ఎత్తులో ఉంటుంది. ఎండ ఎదురుగా ఉంటే బోటు డ్రైవరుకి వాళ్ళు కనపడనే కనపడరు.

ఇంత చెప్పి మా వాళ్ళ తప్పులు దాచిపెడితే నా మాటకి విలువ ఉండదు. తెరచాప పడవల వాళ్ళలో ఒక జబ్బుంది. టికెట్టు కొని బోటెక్కినవాడు 'పబ్లిక్', తాము 'స్పోర్ట్స్'. పందేలకి గుర్తులు వేసుకుంటూ లాంచీలు చెరువు మధ్య బుద్ధుడి విగ్రహం దగ్గరికి పోయే దారికి అడ్డంగా వేసినవాళ్ళనీ చూశాను. కయాక్ వాళ్ళని కసిరినవాళ్ళనీ చూశాను. ఇంజను బోట్ల మీద ఇంత మాట్లాడే మేము, పిల్లల వెంట తిప్పే రక్షణ బోటు కూడా ఇంజనుదే. దాని అలకి బోల్తా కొట్టిన ఆప్టిమిస్టులూ ఉన్నాయి. ఒక పెద్దాయన టీ తాగుతూ 'అసలు టూరిస్టు బోట్లన్నీ ఆపేయాలమ్మా' అన్నాడు. నేను ఒప్పుకోను. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు ఇది. ఎవరి తాత సొత్తూ కాదు. జడ్చర్ల నుంచో జనగామ నుంచో పిల్లల్ని తీసుకుని వచ్చి, లుంబినీ పార్కులో లాంచీ ఎక్కి బుద్ధుణ్ణి చూసి వెళ్ళే కుటుంబానికి, ఏడాదికి ఒక్కసారి దొరికే నీళ్ళు అవి. వాళ్ళని ఆపి మా పిల్లలకి పతకాలు తేవాలని నాకు లేదు.

వీళ్ళందరికన్నా ముందు నుంచీ ఉన్నవాళ్ళు పుట్టిలో వలలు వేసే గంగపుత్రులు. మనం సరదాకి తిరుగుతుంటే వాళ్ళు పొట్టకూటికి తిరుగుతారు. వల మీద తేలే సీసాలు స్పీడు బోటుకి కనపడవు, మా సెంటర్‌బోర్డుకీ కనపడవు. తెగిన వల ఖర్చు ఎవరిస్తారు? మీరు ఏ సమావేశం పిలిచినా, మొదటి కుర్చీ వాళ్ళకి వేయించండి.

గొడవ ఎందుకు ముదురుతోందంటే, అందరికీ కావలసింది ఒకే గంట. వానాకాలం గాలి మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా బాగుంటుంది. జనం వచ్చేదీ అప్పుడే. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ లాంటి పందేలు కూడా గాలి కోసమే వానాకాలంలో పెడతారు. పుస్తకాల్లో సాగర్ విస్తీర్ణం 5.7 చదరపు కిలోమీటర్లని రాసి ఉంటుంది. గుర్రపుడెక్క పరుచుకున్న మూలలూ, నిమజ్జనం తర్వాత ఇనుప చువ్వలు మిగిలిన అంచులూ తీసేస్తే తిరగడానికి మిగిలే నీళ్ళు తక్కువ. ఉన్న కొంచెంలోనే లాంచీ, స్పీడు బోటు, జెట్ స్కీ, తెరచాప, కయాక్, పుట్టి.

వేరే చోట్ల ఏం చేశారో చూశాను. భోపాల్ పెద్ద చెరువులో 2023లో జాతీయ హరిత ట్రిబ్యునల్ క్రూయిజ్‌నీ మోటారు బోట్లనీ ఆపించింది. కారణం పడవల గొడవ కాదు, తాగునీటి చెరువులో డీజిలు కాలుష్యం. అదే ఏడాది ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన నేహా ఠాకూర్ ఆ భోపాల్‌లో నేర్చుకున్న పిల్లే. మా క్లబ్బు మిత్రులు ఈ రెండూ కలిపి చెప్పి, మోటార్లు ఆపితేనే పతకాలన్నట్టు 'చూశారా' అంటారు. నాకు అందులో నీతి కనపడదు. ఇక్కడి వాళ్ళు ముందే కూర్చుని మాట్లాడుకోకపోతే, ఎప్పుడో ఒకనాడు కోర్టు మొత్తానికే తాళం వేస్తుంది, అంతే కనపడుతుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం వేరే పద్ధతి పట్టింది. కావాలని పెద్ద అల లేపి దాని మీద ఆడే బోట్లు అక్కడ చేపలు పట్టేవాళ్ళకీ కయాకులకీ తలనొప్పి అయ్యాయి. 2024 నుంచి ఆ ఆట ఒడ్డుకి 500 అడుగుల దూరంలో, కనీసం 20 అడుగుల లోతులో, అలాంటి నీళ్ళు 50 ఎకరాలు ఒకే చోట ఉన్న సరస్సులోనే ఆడాలి. నిషేధం లేదు, కొలత ఉంది. ఆ అంకెలు మనకి సరిపోవు, మన చెరువు వేరు. కానీ టేపు పట్టుకుని కొలిచారు చూడండి, అది నచ్చింది.

మన దగ్గర కొలతలు శవాలు తేలాకే మొదలవుతాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగాకే ఆంధ్రప్రదేశ్‌లో నది ఒడ్డున కంట్రోల్ రూములు వచ్చాయి. 2024 జనవరిలో వడోదర హర్ణి చెరువులో బడి పిల్లల పడవ మునిగింది. ఆ వార్త చదివిన రోజు మా స్కూల్లో విహారయాత్ర ఫైలు నా బల్ల మీదే ఉంది. అదే ఏడాది డిసెంబరు 18న ముంబై తీరంలో ఇంజను పరీక్షిస్తున్న నౌకాదళం స్పీడు బోటు అదుపు తప్పి ఎలిఫెంటాకి పోతున్న ప్రయాణికుల పడవని గుద్దింది. పదిమందికి పైగా పోయారు. వేగంగా పోయేదీ నెమ్మదిగా పోయేదీ ఒకే నీళ్ళలో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. సాగర్‌కి కూడా తన జ్ఞాపకం తనకుంది. 1990 మార్చిలో బుద్ధుణ్ణి తీసుకుపోతున్న బార్జి ఒరిగి మనుషులు పోయారు, విగ్రహం రెండేళ్ళకి పైగా నీటి అడుగున ఉంది.

చట్టం లేదని ఎవరూ అనలేరు. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్గత నౌకల చట్టం వచ్చింది. అందులో అంతర్గత జలాలంటే నది, కాలువే కాదు, సరస్సు కూడా. నియమాలు చేసే అధికారం రాష్ట్రానికి ఉంది. 2017లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ బోటు భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. సముద్రంలో ఎప్పటి నుంచో ఉన్న నియమం ఒకటుంది: ఇంజను పడవ తెరచాపకి దారి ఇవ్వాలి, కానీ వెనక నుంచి దాటిపోయేవాడు ఎవడైనా సరే, తెరచాపవాడైనా, ముందున్నవాడికి దూరంగా పోవాలి. ఆ రెండు వాక్యాలు తెలుగులో, ఉర్దూలో రాయించి ప్రతి జెట్టీ దగ్గరా బోర్డు పెట్టించండి. మా క్లబ్బుల గోడల మీద కూడా.

ఇక గీత సంగతి. నిలవని మాటని నీటి మీద రాత అంటాం. నేను అడుగుతున్నది నిజంగానే నీటి మీద గీత: నీటి మీద తేలే గుర్తులు, అంటే నారింజ రంగు బోయాల వరస. సాగర్ స్వరూపమే సగం పని చేసిపెట్టింది. తెరచాపలు ఉత్తరాన సంజీవయ్య పార్కు వైపు నుంచి దిగుతాయి, పర్యాటక బోట్లు దక్షిణాన లుంబినీ పార్కు వైపు నుంచి. లుంబినీ నుంచి బుద్ధుడి దాకా లాంచీలకి ఒక దారి కట్టేయండి, దాన్ని మేము అడ్డంగా కోయకూడదు, పందెం ఉన్నా సరే. స్పీడు బోట్లూ జెట్ స్కీలూ దక్షిణ భాగంలో తమ చుట్టు తాము తిరగనివ్వండి. ఉత్తరాన గాలి వేళల్లో ఇంజను పూర్తిగా తగ్గించి పోవాలి, మా రక్షణ బోటుతో సహా. నెక్లెస్ రోడ్డు అంచు వెంట ఒక సన్నని పట్టీ కయాకులకి. పుట్టీలకి ఎక్కడైనా హక్కు, వలలు ఏ పొద్దు ఎక్కడ వేస్తారో వాళ్ళు చెబితే అక్కడ ఎర్ర జెండా. ఇదంతా నాకు తోచింది. పటం గీయాల్సింది నేను కాదు, ఆ నీళ్ళ మీద రోజూ తిరిగే డ్రైవర్లూ గంగపుత్రులూ. వాళ్ళకి మట్టం తెలుసు, రాయి ఎక్కడుందో తెలుసు.

బోయాలు వేసినంత మాత్రాన కాదు, చూసుకునేవాడు కావాలి. సాగర్‌కి హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ ఒక పక్క, మీ శాఖ ఒక పక్క, క్రీడా శాఖ ఒక పక్క, పోలీసులు ఇంకో పక్క. నలుగురి ముద్దు కోడలికి అన్నం పెట్టేవాడు లేడన్నట్టు కాకుండా, ఆదివారం సాయంత్రం చెరువు మీద ఏదైనా జరిగితే ఏ ఫోను మోగాలో ఒక్క నంబరు చెప్పండి. ఆ రోజు మా అమ్మాయి పడవ తిరగబడినప్పుడు నేను ఎవరికి ఫోన్ చేయాలో నాకు తెలియలేదు. చేయలేదు కూడా.

వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టు సంగతి కూడా ఇందులోనే కలుపుతున్నాను. సెలవు రోజుల్లో అక్కడ కయాకుల కోసం నగరం నుంచి జనం పోతున్నారు. అది చిన్న నీరు, ప్రశాంతమైన నీరు. అక్కడ ఇంజన్ల సంగతి తేల్చడానికి ఇంకో ఐదేళ్ళు ఆగితే, అప్పటికి పెట్టుబడి పెట్టినవాళ్ళు ఉంటారు, అప్పుడు మీరు ఏది చెప్పినా ఒకరి కడుపు కాలుతుంది.

వానాకాలం వచ్చేలోగా ఒక ఆదివారం వీలు చూసుకోండి. సాయంత్రం నాలుగు గంటలకి, కాన్వాయి లేకుండా. ముందు స్పీడు బోటులో ఒక చుట్టు తిరగండి, సరదాగా ఉంటుంది, అబద్ధం చెప్పను. తర్వాత నాతో తెరచాప పడవలోకి రండి. గాలి తక్కువగా ఉంటే నేనే నడుపుతాను, ఎక్కువగా ఉంటే మా అమ్మాయికి అప్పగిద్దాం. లైఫ్ జాకెట్ తెస్తాను. మార్చుకోవడానికి ఒక జత బట్టలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

ఇట్లు,
సాగర్ ఉత్తరపు ఒడ్డు నుంచి
ఒక ఫిజిక్స్ టీచరు, సికింద్రాబాద్