ఇంగ్లీష్ క్లాసులో ప్రపంచ సమస్యలు: మన ఇంగ్లీష్ టీచర్ల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్య మిత్రులకు నమస్కారం.

ఉమ్మడి నల్గొండ జిల్లా పల్లె బడుల్లో మీడియం ఇంగ్లీషే అయినా, గేటు దాటితే ఆ భాష పిల్లల చెవిన పడదు. మాట్లాడమంటే ఏం మాట్లాడతారు? చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అందుకే గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టు, ఈ ఏడాది నెలవారీ సమావేశాల్లో ప్రపంచ సమస్యల మీద పాఠాలు తయారు చేశాం.

మొదట వాతావరణ మార్పు. 2015 పారిస్ ఒప్పందం, భూమి వేడి 1.5 డిగ్రీలకు మించి పెరగకూడదన్న హద్దు, కరిగే మంచు. పిల్లలు వ్యాసం బట్టీపట్టి అప్పజెప్పారు తప్ప ఎదురు ప్రశ్న ఒక్కటీ రాలేదు.

నీళ్ల పాఠం అలా కాదు. ఇప్పుడు మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వస్తున్నా, ఫ్లోరైడ్ అంటే ఏమిటో మన పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు; వంకరపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు ఇంట్లోనే చూశారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇదే బాధ ఇథియోపియా, కెన్యా, టాంజానియాల్లోని రిఫ్ట్ లోయలోనూ ఉందని మ్యాపులో చూపిస్తే, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె "ఆడ గూడ బోరు నీళ్లేనా సార్?" అంది. ఆ ప్రశ్ననే ఆమెతో ఇంగ్లీష్‌లో బోర్డు మీద రాయించాం. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి పేరే 'నల్గొండ టెక్నిక్' అనీ, ఆఫ్రికా దేశాల్లోనూ దాన్ని వాడి చూశారనీ చెప్పగానే క్లాసంతా ఒకటే గోల. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి, బాగా కలిపి, మడ్డి అడుక్కి దిగాక పై నీళ్లు తీసుకోవడమే ఆ పద్ధతి. "లైమ్ ఈజ్ యాడెడ్, ద వాటర్ ఈజ్ స్టర్డ్" అంటూ పాసివ్ వాయిస్ దానంతటదే వచ్చేసింది. రాముడు రావణుణ్ణి చంపిన వాక్యాన్ని ఏళ్ల తరబడి తిరగేయిస్తున్న మనకు ఇది కాస్త ఊరట.

బట్టల పాఠం పోచంపల్లి వైపు బడుల్లో నడిచింది. 2013లో ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయిన సంగతితో మొదలుపెట్టి, పిల్లలచేత చొక్కా కాలర్ లేబుళ్లు చదివించాం. నేతన్నల పిల్లలు ఇంట్లో వచ్చే మజూరీ లెక్క చెప్పబోయారు. అది అందరి ముందూ చెప్పించకూడదని కమిటీ అభిప్రాయం. ఇంటి ఆదాయం చర్చకు పెట్టే హక్కు మనకు లేదు.

గ్రూపుల్లో ముందు తెలుగులో వాదించుకోనివ్వడం కొందరు సీనియర్లకు నచ్చలేదు. తెలుగులో గొడవపడినవాళ్లే తర్వాత ఇంగ్లీష్‌లో నాలుగు ముక్కలు ఎక్కువ చెప్పారని క్లాసు తీసుకున్న సభ్యులు అంటున్నారు. ఈ చర్చ తెగలేదు, తెగకపోయినా నష్టం లేదు.

పదో తరగతి సిలబస్ టెన్షన్ న్యాయమైనదే. కాబట్టి ఈ పాఠాలను 8, 9 తరగతులకే పరిమితం చేసి, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్ట్ వర్క్‌లో కలపాలని తీర్మానించాం.

ఖర్చులో పెద్ద పద్దు జిరాక్సులదే. ఆడిట్ అయిన లెక్కలు జతచేశాం. వచ్చే ఏడాది ప్లాస్టిక్ చెత్త, వలసలు తీసుకుందాం. పాఠం నమూనాలున్నవారు జూన్ సమావేశానికి తీసుకురండి. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు కోశాధికారి గారిని అదే రోజు కలవండి.

– కార్యదర్శి