మన పఠన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు కొత్త కావు కనుక నేరుగా పనుల్లోకి వస్తాను. నెలవారీ సమావేశాలు వేసవిలో తప్ప ఆగలేదు. కొత్త పుస్తకాలు చేరాయి, పాతవాటికి అట్టలు వేయించాం. సిరిమానోత్సవం వారంలో సమావేశం పెట్టవద్దన్న తీర్మానాన్ని ఈసారి పాటించాం.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది ‘కర్తవ్యమా, ప్రయోజనమా?’ చర్చాగోష్ఠి. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. ఏ మనిషినీ కేవలం సాధనంగా వాడుకోకూడదని 1785లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ అన్నాడు. ఎక్కువమందికి ఎక్కువ సుఖమిచ్చే పనే మంచిదని ఇంగ్లండులో బెంథామ్, ఆయన తర్వాత మిల్ అన్నారు. (మిల్ మన దేశంలో అడుగు పెట్టకుండానే ఈస్టిండియా కంపెనీ లండను కార్యాలయంలో 1823 నుంచి 1858 వరకు ఉద్యోగం వెలగబెట్టాడు.)

గోష్ఠి వేడెక్కింది కన్యాశుల్కం దగ్గర. 1892లో విజయనగరంలోనే తొలిసారి ఆడిన నాటకం కదా, అందరికీ తెలిసిన కథే. మేనకోడలిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, ఆ ముసలాయనకు అతన్నే ఇచ్చి పెళ్ళి చేయిస్తాడు. ఇది తప్పా? పసిపిల్ల బతుకు నిలిచిందిగా, ఇంకేం కావాలి అన్నారు మిల్ పక్షంవారు. చంపడానికి వచ్చినవాడికి సైతం అబద్ధం చెప్పకూడదని 1797లో రాసిన కాంట్‌ను సమర్థించడం ఎవరి తరమూ కాదనుకున్నాం. అప్పుడు ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు లేచి, పెళ్ళికూతురు మాయమయ్యాక లుబ్ధావధానుల మీద హత్యానేరం పడలేదా అని అడిగారు. అబద్ధమాడినవాడే దాని పర్యవసానాలకు బాధ్యుడని కాంట్ అన్నది కూడా ఆ వ్యాసంలోనే. చప్పట్లు ఆవిడకే పడ్డాయి.

నాగావళి మీద తోటపల్లి ప్రాజెక్టు కోసం ఊళ్ళు వదిలినవారి మాట వచ్చాక మిల్ పక్షంవారి గొంతు తగ్గింది. వేల ఎకరాలకు నీరు వస్తుందన్న లెక్క నిజమే. కానీ అలాంటి లెక్క వేసేవారి ఇల్లు మునగదు. న్యాయాన్ని ప్రయోజనాల్లోకెల్లా గొప్పదిగా మిల్ లెక్కించాడని ఎవరో గుర్తుచేశారు. నాకది తప్పించుకోవడంలాగే తోచింది.

మేడమీది హాలు ఉచితంగా ఇచ్చిన సభ్యుడికి, మైకు సర్దినవారికి, టీ కాచి పోసిన మహిళా సభ్యులకు, కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్సువారికి కృతజ్ఞతలు. వస్తానని మాట ఇచ్చిన ముఖ్య అతిథి, ఒక అధికారి, ఫోను కూడా ఎత్తలేదు. తెచ్చిన శాలువా బీరువాలో ఉంది. కర్తవ్యపాలన మీద అనర్గళంగా మాట్లాడిన యువసభ్యులు కుర్చీలు తిరిగి అప్పగించే వేళకు కనిపించలేదు. కాంట్ ఏమనేవాడో మీరే ఊహించుకోండి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి దగ్గర ఉంది, కావలసినవారు చూడవచ్చు. చందా బకాయిలు ఈ సమావేశంలోనే చెల్లించండి. కార్యదర్శి పదవికి వేరొకరి పేరు ప్రతిపాదించమని వరుసగా రెండో ఏడాది కోరుతున్నాను.

– కార్యదర్శి