వాగు దారికి బోర్డు చాలదు, బాట కావాలి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం వచ్చిందంటే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు కార్లతో కిటకిటలాడుతుంది. వచ్చినవాళ్ళలో చాలామంది రోడ్డు పక్క వాగులో కాళ్ళు తడుపుకుని వెళ్ళిపోతారు. ఫోనులో మ్యాపు చూసుకుంటూ పాములేరు, సోకులేరు వాగుల వెంట ఒంటరిగా పైకి నడిచే కుర్రాళ్ళ సంగతి వేరు. ఈ లేఖ వాళ్ళ గురించి, వాళ్ళు నడిచే దారి గురించి.

2024 సెప్టెంబరులో జలతరంగిణి జలపాతం దగ్గర ముగ్గురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా ఒక తాడు, ఒక హెచ్చరిక బోర్డు, కొన్నాళ్ళు కాపలా. ఆ తర్వాత జనం బోర్డు పక్కనుంచి గొడ్ల దారి పట్టుకుంటారు. గొడ్ల దారి మేత ఉన్నచోటికి పోతుంది, ఊళ్ళోకి కాదు. దారి తప్పడం అక్కడే మొదలవుతుంది.

వాగు దారి ఏటా ఎందుకు మాయమవుతుందో చూడండి. వానాకాలంలో వరద గట్టును కోసేస్తుంది, దాంతోపాటు బాటా పోతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్లకు ముళ్ళ వెదురు వంగి అడ్డంగా పడుతుంది. చెట్టు కూలి వెలుతురు పడినచోట లాంటానా అనే ముళ్ళపొద అల్లుకుంటుంది. దాన్ని పైపైన కొడితే అదే మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. కాయలు పండకముందే, నేలలో రెండు అంగుళాల లోతున వేరు నరికి, పొదను తలకిందులుగా పడేస్తేనే చస్తుంది. వెదురు, చిన్న చెట్లు నరికేటప్పుడు ఏటవాలుగా కొట్టకూడదు. ఆకుల కింద దాగిన ఏటవాలు మోడు బూటు అడుగును కూడా చీలుస్తుంది. నేలమట్టంగా కోయాలి.

కాబట్టి అటవీ శాఖకు మా విన్నపం: అన్ని దారులూ అక్కర్లేదు, లోయకు ఒక్క బాట చాలు. నవంబరు చివర, తుపాన్ల జోరు తగ్గాక, నాలుగడుగుల వెడల్పున, ఏడడుగుల ఎత్తు దాకా పొదలు కొట్టించండి. మారేడుమిల్లిలో పర్యాటక విడుదులు నడిపిన అనుభవం ఊరివాళ్ళతో ఏర్పడిన వన సంరక్షణ సమితులకు ఉంది. ఈ పనీ, దాని కూలీ, ప్రవేశ రుసుమూ వాటికే ఇవ్వండి. ఆ కొండల్లో ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో అక్కడి గిరిజనులైన కొండరెడ్ల కంటే తెలిసినవాళ్ళు ఎవరు? వాగు దాటే ప్రతిచోటా రెండు గట్ల మీదా పసుపు రంగు గుర్తు వేయించండి, తిరిగి వచ్చేవాడికీ కనబడేలా. అక్కడే కదలని బండ మీద మోకాలి లోతుకు ఎర్ర గీత గీయించండి. నీళ్ళు గీత దాటితే దాటకూడదన్న సంగతి చదువు రానివాడికీ తెలుస్తుంది. జులై నుంచి అక్టోబరు దాకా మూసేయడం మాత్రం సబబే.

ఇక నడిచేవాళ్ళకు. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్ళడం నేరం. ముందు రేంజి ఆఫీసులో అడగండి. ఒంటరిగా కంటే ఊరి మనిషిని తోడు తీసుకెళ్ళడమే మంచిది. చదును బాటలో గంటకు మూడు కిలోమీటర్లు నడిచేవాడు పొదల్లో ఒకటి నడిస్తే గొప్ప. డిసెంబరులో అయిదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, లోయలో నాలుగింటికే నీడలు కమ్ముకుంటాయి. అందుకే ఎక్కడున్నా సరే, పన్నెండింటికి వెనక్కి తిరగాలి. దారి చీలినచోటల్లా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి. వచ్చేటప్పుడు కనబడేది ఆ దృశ్యమే. లోయలో సిగ్నల్ ఉండదు, అది వెతుక్కుంటూ ఫోను బ్యాటరీ ఖాళీ అవుతుంది. మ్యాపు ముందే దించుకుని ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఈల ఒకటి మెడలో ఉండాలి. ఆపదలో మూడు ఊదులు, ఆగి మళ్ళీ మూడు.

మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడి ఉండొచ్చు. నీరు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు మారినా ఆలోచించకుండా గట్టెక్కాలి. అవతల చిక్కుకుంటే అక్కడే కూర్చోండి. ఇంత చిన్న వాగులు తరచు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి. దాటక తప్పనప్పుడు ఇరుకైన చోట కాదు, వెడల్పుగా పల్చగా పారేచోట, బూట్లతోనే, సంచి నడుం పట్టీ విప్పి, ఎగువకు ముఖం పెట్టి కర్ర ఊతంతో దాటాలి.

చలికాలంలో దూలగొండి కాయలు ఎండుతాయి. నూగు అంటితే రుద్దకండి, నీళ్ళు పోయకముందే అతుకు టేపుతో పీకేయండి. వెదురు కొమ్మను చూడకుండా పట్టుకోకండి, ఆకుపచ్చ పింజరి దాని మీదే చుట్టుకుని ఉండొచ్చు. మన ఆసుపత్రుల్లో దొరికే పాము విషం మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి కాట్లకే, దీనికి కాదు. ఏ పాము కరిచినా కట్టు బిగించకుండా, కోయకుండా, కాలో చెయ్యో కదలనీయకుండా రంపచోడవరం ఏరియా ఆసుపత్రికి చేర్చాలి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించుకోండి, పొదల్లో నడిచిన సంగతీ డాక్టరుకు చెప్పండి. చంకలో, నడుం దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లమచ్చ కనబడితే అది పొదల్లోని చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావచ్చు. డాక్సీసైక్లిన్‌తో నయమయ్యే జబ్బే, ఆలస్యం చేస్తేనే ప్రాణాల మీదికి వస్తుంది.

బాట మొదట్లో ఒక గుడిసె, ఒక పుస్తకం, ఒక మనిషి ఉంటే చాలు. పేరు, ఫోను నంబరు, వెళ్ళిన వేళ, వచ్చిన వేళ రాయించాలి. సాయంత్రం నాలుగున్నరకు పుస్తకం తెరిచి, రానివాడు ఎవడో చూసి, వెలుతురు ఉండగానే ఇద్దరిని పైకి పంపాలి. తెల్లారి గజ ఈతగాళ్ళను పిలిపించే ఖర్చు కంటే ఇది తక్కువ.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం