గుర్రాల లెక్క ఎడ్లకు సరిపోదు

సంపాదకులకు,

సంక్రాంతికీ తిరునాళ్లకూ జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల్లో రేసు గుర్రాల మాదిరి మందుల పరీక్షలు పెట్టడం సబబే. అయితే ఏ మందు ఆనవాలు ఎన్నాళ్లు కనబడుతుందో చెప్పే గుర్రాల గడువుల పట్టికను తెచ్చి ఎడ్లకు తగిలిస్తే మాత్రం కుదరదు.

అసలు ఆ పట్టికలోని అంకెనే చాలామంది తప్పుగా చదువుతారు. యూరప్ రేసింగ్ పరీక్షల పట్టికలో నొప్పి, వాపు తగ్గించే మందులైన ఫినైల్‌బ్యూటజోన్‌కు 7 రోజులు, ఫ్లూనిక్సిన్‌కు 6 రోజులు అని ఉంటుంది. ఫలానా మోతాదు ఇచ్చిన కొద్దిపాటి గుర్రాల్లో మందు ఆనవాలు నిర్ణీత మట్టానికి దిగిన సమయం అది. దానికి ఇంకొన్ని రోజులు కలిపి, పందేనికి ఎన్నాళ్ల ముందు ఆపాలో తేల్చాల్సింది వైద్యం చేసే డాక్టరే. బరువును కంటితో అంచనా కట్టి మోతాదు పెంచినా, చెప్పినదానికన్నా ఎక్కువ రోజులు వాడినా ఆ అంకె చెల్లదు.

ఎద్దు దగ్గరికొస్తే తేడా మరీ ఎక్కువ. రక్తంలో ఫినైల్‌బ్యూటజోన్ సగానికి తగ్గడానికి గుర్రానికి 5, 6 గంటలు చాలు. పశువులకు ఒకటిన్నర, రెండు రోజులు పడుతుంది. గుర్రం లెక్కన వారం ముందే మందు ఆపిన రైతు కూడా దొరికిపోతాడు, పాపం.

మందు కడుపులోకి వెళ్లే దారులు కూడా చూడాలి. ఫ్లూనిక్సిన్ ఇచ్చిన గుర్రం మూత్రంతో తడిసిన గడ్డిని మళ్లీ మేస్తే, ఆగిపోయిన మందు తిరిగి కనబడుతుంది. అందుకే మందు వాడినన్నాళ్లూ కింద పరిచిన గడ్డి రోజూ తీసేయాలి, కుడితి తొట్టి కడగాలి, పక్క ఎద్దుకు ఆ తొట్టిలో పెట్టకూడదు. ప్రొకెయిన్ పెన్సిలిన్‌తో ఇంకో చిక్కు. పెన్సిలిన్ త్వరగానే పోతుంది గానీ, సూది నొప్పి తెలియకుండా కలిపిన ప్రొకెయిన్ గుర్రం మూత్రంలో వారాల తరబడి పడుతుంది. వాపు తగ్గడానికి కీళ్లలోకి ఎక్కించే డిపో స్టెరాయిడ్లు అక్కడే నిల్వ ఉండి మెల్లగా కరుగుతాయి. వాటికి బజారులో చెప్పే గడువులు నమ్మొద్దు.

పైపూతను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో 2021 కెంటకీ డెర్బీ పందెంలో మొదట వచ్చిన మెదీనా స్పిరిట్ అనే గుర్రం రక్తంలో మిల్లీలీటరుకు 21 పికోగ్రాముల (పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్ల వంతు) బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది. చర్మానికి రాసిన లేపనం వల్లే వచ్చిందని వాదించినా గెలుపు నిలవలేదు.

నెలల వెనక్కి చూడాలంటే వెంట్రుకే ఆధారం. గుర్రం జూలు నెలకు సుమారు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి 10 సెంటీమీటర్ల పోగులో దాదాపు అయిదు నెలల చరిత్ర ఉంటుంది. ఒంగోలు ఎద్దుకు మాత్రం ఒంటిమీది తెల్ల వెంట్రుక తీస్తే ఫలితం బోల్తా కొడుతుంది. క్లెన్‌బ్యుటెరాల్ (ఊపిరి సులువు చేసే, కండ పెంచే మందు) లాంటివి నల్ల రంగునే ఎక్కువగా పట్టుకుంటాయి. తోక కుచ్చులోని నల్ల వెంట్రుకలను మొదలంటా కత్తిరించి, ఏ కొస చర్మం వైపుదో గుర్తు పెట్టి పంపాలి. మూత్రం నమూనాను యజమాని ఎదుటే రెండు సీసాల్లో సీలు వేయాలి. మొదటిదానిపై అభ్యంతరం వస్తేనే రెండోది తెరవాలి.

— కొందరు పశువైద్యులు, గుంటూరు